శంకుస్థాపన ముందా, అనుమతి ముందా?

‘కేంద్రం పచ్చజెండా ఊపింది’, ‘కేంద్రం కొర్రీ వేసింది’, ‘ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది’. సాగునీటి ప్రాజెక్టుల వార్తలు చదివే ఎవరికైనా ఈ మూడు శీర్షికలూ కంఠతా వచ్చేసి ఉంటాయి. పోలవరం, కాళేశ్వరం, పాలమూరు–రంగారెడ్డి, రాయలసీమ ఎత్తిపోతల... ప్రాజెక్టు పేరు మారుతుంది, శీర్షిక మారదు. ఆ అనుమతి ఎవరిస్తారు, ఏం చూసి ఇస్తారు, ఇచ్చేముందు ఎవరిని అడగాలి, ఇచ్చాక ఏం జరగాలి అన్నవి మాత్రం వార్తల్లో పెద్దగా కనిపించవు. అందుకే పర్యావరణ అనుమతి అనగానే చాలామందికి రెండే తోస్తాయి. ప్రాజెక్టు కావాలనేవాళ్లకు అదొక అడ్డుపుల్ల, వద్దనేవాళ్లకు అదొక ఆయుధం.

నిజానికి అదొక లెక్క. నదిని మళ్లిస్తే లాభం ఎవరికి, నష్టం ఎవరికి, ఆ నష్టాన్ని ఎలా తగ్గిస్తారు, తగ్గించలేనిదానికి ఏం చేస్తారు అని నలుగురి ముందూ వేయాల్సిన లెక్క. దానికి విలువ ఉండేది సరైన వరసలో జరిగినప్పుడే. మొదటి తట్ట మట్టి లేవకముందు వేస్తే దాన్నిబట్టి నిర్ణయం తీసుకోవచ్చు. బ్యారేజీ సగం లేచాక వేస్తే అప్పటికే తీసుకున్న నిర్ణయానికి ముద్ర కొట్టడమే మిగులుతుంది. మన రెండు రాష్ట్రాల పాతికేళ్ల అనుభవమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతోంది.

అనుమతి ఒకటి కాదు

పోలవరాన్నే చూద్దాం. ‘కేంద్రం అనుమతి’ అని మనం ఏకవచనంలో చెప్పుకునేది అక్కడ ఎన్ని కాగితాలుగా వచ్చిందో గమనించండి. పర్యావరణ అనుమతి 2005 అక్టోబరు 25న వచ్చింది. పాపికొండల అభయారణ్యం మునుగుతుంది కనుక వన్యప్రాణుల చట్టం కింద అనుమతి 2006 సెప్టెంబరులో వచ్చింది. పునరావాస ప్రణాళికకు గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ ఆమోదం 2007 ఏప్రిల్‌లో దొరికింది. అటవీ భూమికి సూత్రప్రాయ అనుమతి 2008 డిసెంబరులోనూ, తుది అనుమతి 2010 జులైలోనూ వచ్చాయి. మునిగే అటవీ భూమి 3,731 హెక్టార్లు. సాంకేతిక, ఆర్థిక అంశాలను చూసే కేంద్ర జలవనరుల శాఖ సలహా కమిటీ 2009 జనవరిలో 10,151 కోట్ల అంచనాకు సరేనంది. మరుసటి నెలలో పెట్టుబడి అనుమతి వచ్చింది.

ఒక్కో కాగితం వెనకా ఒక్కో చట్టం, ఒక్కో ప్రశ్న ఉన్నాయి. నదికి, గాలికి, నేలకు, మనుషులకు ఏమవుతుందని పర్యావరణ అనుమతి అడుగుతుంది. ఆ అడవి ఎందుకు, బదులేమిటి అని అటవీ అనుమతి అడుగుతుంది. జంతువుల మాటేమిటని వన్యప్రాణి బోర్డు అడుగుతుంది. నీళ్లున్నాయా, కట్టడం నిలుస్తుందా అని చూడటం జలసంఘం పని. ఒకదాని జవాబు ఇంకొకదానికి పనికిరాదు.

ఈ తేడా తెలియకపోతే పొరపాటు తీర్పులు చేస్తాం. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీలో ఏడో బ్లాకు పిల్లర్లు కుంగినప్పుడు ‘మరి పర్యావరణ అనుమతి ఎలా ఇచ్చారు’ అనే ప్రశ్న వచ్చింది. పర్యావరణ అనుమతి ఇచ్చేవాళ్లు కాంక్రీటు నాణ్యతను చూడరు. పునాది కింద ఇసుక కొట్టుకుపోతుందా లేదా అన్నది డిజైను, నిర్మాణం, నిర్వహణల వ్యవహారం. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం దాన్ని చూస్తుంది.

ఈ చట్టాలు ఎందుకు పుట్టాయి

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పుడు పర్యావరణ ప్రభావమనే ఆలోచనే లేదు. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ శ్రీశైలం నాటికి కూడా పెద్ద మార్పేమీ లేదు. 1981లో కృష్ణా, తుంగభద్ర తీరాన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలను ఖాళీ చేయించారు. ఇళ్లు కూల్చి మరీ జనాన్ని కదిలించారు. మీ ఊరు మునుగుతుంది, మీరేమంటారని అడగాలన్న నిబంధన అప్పుడు లేదు. కుటుంబానికో ఉద్యోగమని 1986లో ఇచ్చిన జీవో 98 అమలు కోసం ఆ నిర్వాసితుల పిల్లలు దశాబ్దాల పాటు తిరుగుతూనే ఉన్నారు.

భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1994 జనవరిలో పర్యావరణ ప్రభావ మదింపును తప్పనిసరి చేశారు. ప్రజాభిప్రాయ సేకరణ 1997లో చేరింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్, దానికి తర్వాత జరిగిన సవరణలు. ఈ నోటిఫికేషన్‌లో గుండెకాయ లాంటి మాట ఒకటుంది: అనుమతి ‘ముందస్తు’ది కావాలి. అది చేతికి రాకుండా పని మొదలుపెట్టకూడదు, స్థలాన్ని చదును చేయకూడదు.

2018 సవరణ ప్రకారం 50 వేల హెక్టార్లు, అంటే సుమారు లక్షా పాతిక వేల ఎకరాలు, అంతకు మించిన ఆయకట్టు ఉన్న ప్రాజెక్టులు నేరుగా కేంద్రానికి వెళ్లాలి. అంతకు తక్కువైతే రాష్ట్రస్థాయి అథారిటీ చూస్తుంది. 2 వేల హెక్టార్ల లోపు చిన్ననీటి వనరులకు ఈ అనుమతి అక్కర్లేదు. కనుక చెరువుల పూడికతీతకు ఢిల్లీ చుట్టూ తిరగాలని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు, ప్రాజెక్టు ఏ కోవలోకి వస్తుందో తేల్చడం. పెద్ద ప్రాజెక్టులు ఎలాగూ కేంద్రం కోవలోకే వస్తాయి కనుక ఇక్కడ ఆగేదేమీ ఉండదు.

రెండో మెట్టు, ఏమేం అధ్యయనం చేయాలో నిర్ణయించడం. కేంద్రం నియమించిన నిపుణుల మదింపు కమిటీ ప్రశ్నల పట్టిక తయారుచేసి ఇస్తుంది. నదిలోయ ప్రాజెక్టులకు సాధారణంగా మూడు కాలాల వివరాలు అడుగుతుంది. నీటి నాణ్యత, చేపలు, అడవి, భూగర్భ జలాలు, జనాభా, వ్యాధులు అన్నీ అందులో ఉంటాయి. ప్రాథమికమైన చిక్కులుంటే ఈ మెట్టు మీదే ఫైలు వెనక్కి పోతుంది. పోలవరం నుంచి బనకచర్లకు 200 టీఎంసీల గోదావరి వరద జలాలను తరలించే ప్రతిపాదనకు 2025 జూన్‌లో జరిగింది ఇదే. వరద జలాల లభ్యత, అంతర్రాష్ట్ర అంశాలు, గోదావరి ట్రిబ్యునల్ తీర్పుతో పొంతన తేల్చుకోవాలని, ముందు కేంద్ర జలసంఘాన్ని సంప్రదించాలని చెప్పి కమిటీ దాన్ని తిప్పి పంపింది. ‘తిరస్కరించారు’ అని కొందరు, ‘చిన్న వివరణ అడిగారు’ అని కొందరు రాశారు. వాస్తవానికి అధ్యయనం మొదలు కావడానికే ఇంకా దారి పడలేదన్నమాట.

మూడో మెట్టు ప్రజాభిప్రాయ సేకరణ. దీని గురించి విడిగా చెప్పుకోవాలి.

నాలుగో మెట్టు మదింపు. తుది నివేదిక, ప్రజల అభ్యంతరాలు, వాటికి ప్రాజెక్టు అధికారుల జవాబులు చూసి కమిటీ 60 రోజుల్లో సిఫారసు చేయాలి. మంత్రిత్వశాఖ మరో 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. అంటే నివేదిక సిద్ధమయ్యాక చట్టం ఇచ్చిన గడువు 105 రోజులు. ‘పర్యావరణ అనుమతుల వల్ల ఏళ్లు గడిచిపోయాయి’ అనే ఫిర్యాదు విన్నప్పుడు, ఆ ఏళ్లలో ఎన్ని నివేదిక తయారీలో పోయాయి, ఎన్ని దరఖాస్తే చేయకుండా పోయాయి అని అడగడం న్యాయం.

ఈ ఏర్పాటులో ఒక పెద్ద లోపమూ ఉంది. ప్రభావ నివేదిక రాసే కన్సల్టెంటును ఎంచుకునేదీ, డబ్బులిచ్చేదీ ప్రాజెక్టు కట్టేవాళ్లే. కన్సల్టెంట్లకు గుర్తింపు ఉండాలన్న నిబంధన ఉంది కానీ, పని ఇచ్చినవాడికి నచ్చని మాట రాసే కన్సల్టెంటుకు మళ్లీ పని దొరుకుతుందా? అందుకే నివేదికల్లో నష్టాల అధ్యాయం పొట్టిగా, లాభాల అధ్యాయం పొడుగ్గా ఉంటుంది. దాన్ని సరిదిద్దే అవకాశం వచ్చేది మూడో మెట్టు దగ్గరే.

మైకు ముందు మాట్లాడితే ఏమవుతుంది?

ప్రజాభిప్రాయ సేకరణను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి జరుపుతుంది. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరుకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. పత్రికలు అందని చోట దండోరా వేయించాలని కూడా నోటిఫికేషన్ చెబుతోంది. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో అందుబాటులో ఉండాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చెప్పిన అభ్యంతరాలన్నీ రాసి, సభ చివర తెలుగులో చదివి వినిపించి, అదే రోజు సంతకాలు చేయాలి.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇది ఓటింగు కాదు. తొంభై మంది కావాలని, పది మంది వద్దని అన్నారు కనుక అనుమతి ఇచ్చేస్తామనడం కుదరదు. వద్దన్న పది మందిలో ఒక్కరు చెప్పిన కారణం సరైనదైతే దానికి జవాబు రాయాల్సిందే. అందుకే ‘మాకొద్దు’ అన్న నినాదం కన్నా, ‘మా ఊరి మూడు చెరువులు నివేదికలో లేవు’ అన్న ఒక్క వాక్యం బలమైనది. రెండు, సభకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే లెక్క. కోపంతో బహిష్కరించిన సభ కాగితం మీద ‘అభ్యంతరాలు లేవు’ అని మారే ప్రమాదం ఉంది. రాతపూర్వకంగా ఇచ్చిన అభ్యంతరం మాత్రం ఫైలులో నిలుస్తుంది, రేపు జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు సాక్ష్యమవుతుంది.

సాగునీటి ప్రాజెక్టులకు ఈ సభ ఇంకా ముఖ్యం కావడానికి ఒక కారణముంది. 2013 భూసేకరణ చట్టం పెద్ద సేకరణలకు సామాజిక ప్రభావ మదింపు తప్పనిసరి చేసింది. కానీ పర్యావరణ ప్రభావ మదింపు ఎలాగూ జరిగే సాగునీటి ప్రాజెక్టులను ఆరో సెక్షన్‌లో ఆ బాధ్యత నుంచి మినహాయించింది. అంటే మునిగే ఊరి కౌలురైతు, కూలీ, చేపలు పట్టేవాడు, గొర్రెల కాపరి తమ బతుకు ఏమవుతుందో అధికారికంగా నమోదు చేయించుకోగల ప్రధాన వేదిక ఈ పర్యావరణ సభే.

అడవికి బదులు మొక్కలు, ఊరికి బదులు కాలనీ

అటవీ భూమి తీసుకుంటే రెండు చెల్లింపులు ఉంటాయి. పోయిన అడవి విలువకు నికర ప్రస్తుత విలువ కట్టి డబ్బు జమ చేయాలి. వేరే చోట అంతే విస్తీర్ణంలో ప్రత్యామ్నాయ అడవి పెంచాలి. మొదటి పని తేలిక. రెండోది నివేదికలో తేలిక, నేలమీద కష్టం. వరసల్లో నాటిన మొక్కలు పచ్చదనం ఇస్తాయేమో గానీ పాపికొండల అడవి కావు. తునికాకు, చింతపండు, వెదురు, కరక్కాయలతో బతికే కొండరెడ్డికో కోయకో ఆ మొక్కల తోట ఏ రకంగానూ బదులు కాదు.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిపై గిరిజనుల హక్కులను ముందు తేల్చాలి. ఆ తర్వాతే మళ్లింపు జరగాలి, అదీ గ్రామసభ ఒప్పుకుంటేనే. 2009లో కేంద్రమే ఈ మాట స్పష్టంగా ఉత్తర్వుల్లో పెట్టింది. 2022 నాటి అటవీ సంరక్షణ నిబంధనలు వచ్చాక కేంద్రం తన అనుమతి తాను ఇచ్చేసి, హక్కుల చట్టం అమలు బాధ్యతను రాష్ట్రాలకు వదిలేసింది. ప్రాజెక్టు కట్టాలని తొందరపడేదీ రాష్ట్రమే, గిరిజనుల ఒప్పుదల తీసుకోవాల్సిందీ రాష్ట్రమే అయితే ఏది ముందు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

పోలవరంలో ముంపు బారిన పడేది 371 ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. 2017–18 ధరల ప్రకారం ప్రాజెక్టు అంచనా 55,548 కోట్లు. అందులో భూసేకరణ, పునరావాసాల వాటా 33,168 కోట్లు. అంటే సగానికి పైగా. పోలవరం అంటే మనకు కళ్లముందు కనిపించేవి స్పిల్‌వే గేట్లు, డయాఫ్రం వాల్. లెక్కల ప్రకారం మాత్రం అది ముందుగా మనుషులను తరలించే ప్రాజెక్టు, ఆ తర్వాతే కాంక్రీటు ప్రాజెక్టు. సాగునీటి, జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టం చెబుతోంది. భూమి పోయిన రైతుకు వీలైనంతవరకు ఆయకట్టులో కనీసం ఎకరం, ఎస్సీ ఎస్టీలకు పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాల్లో ఏది తక్కువైతే అది ఇవ్వాలనీ, జలాశయంలో చేపలు పట్టే హక్కు నిర్వాసితులకు ఇవ్వవచ్చనీ అదే చట్టంలో ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 41.15 మీటర్ల మట్టం వరకే నిల్వకు 30,436 కోట్ల అంచనాను ఆమోదించింది. దాంతో 45.72 మీటర్ల పూర్తి మట్టం కింద మునిగే కుటుంబాలు ఊరు వదలాలా వద్దా, ఎప్పుడు వదలాలన్న అనిశ్చితిలో ఉండిపోయాయి.

రాష్ట్రం గీత దగ్గర ఆగని నీళ్లు

పోలవరం పర్యావరణ అనుమతికి తొలి దెబ్బ తగిలింది నీళ్లు రాష్ట్రం గీత దగ్గర ఆగవన్న సంగతి మరిచినందుకే. 2005 అక్టోబరులో ప్రజాభిప్రాయ సేకరణ ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది, అదే నెలలో అనుమతి వచ్చింది. శబరి, సీలేరు వెంట వెనక్కి తన్నే నీళ్లు ఒడిశాలోని మల్కాన్‌గిరి వైపు, ఛత్తీస్‌గఢ్‌లోని కోంటా వైపు కూడా వెళ్తాయి. అక్కడి జనాన్ని అడగలేదన్న కారణంతో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2007 డిసెంబరులో అనుమతిని కొట్టేసింది. ఆ ఉత్తర్వును హైకోర్టు నిలిపివేయడంతో పనులు సాగాయి. 2011 ఫిబ్రవరి 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖే పనులు ఆపమంది. తర్వాత ఆ ఉత్తర్వును రద్దు చేయకుండా, అమలును మాత్రం ఎప్పటికప్పుడు పక్కనపెడుతూ వచ్చింది.

ఈలోగా స్పిల్‌వే డిజైను 36 లక్షల క్యూసెక్కుల నుంచి 50 లక్షల క్యూసెక్కులకు మారింది. వరద లెక్క మారితే వెనక ముంపు లెక్కా మారాలి, ఆ ముంపు పడే జనాన్ని మళ్లీ అడగాలి అన్నది ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల వాదన. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరాక తెలంగాణ కూడా బ్యాక్‌వాటర్ ప్రభావంపై ఉమ్మడి అధ్యయనం కోరింది. ఎవరి లెక్క సరైనదో ఇంజనీర్లు తేల్చాలి. కానీ 2005లోనే మూడు రాష్ట్రాల ముంపు ప్రాంతాల్లో సభలు పెట్టి ఉంటే ఈ తగాదాలో సగం పుట్టేదే కాదు. అప్పుడు ఆదా చేసుకున్నామనుకున్న నెలలు తర్వాత ఏళ్లుగా ఖర్చయ్యాయి.

వరస తప్పిన మూడు కథలు

కాళేశ్వరంలో మేడిగడ్డ బ్యారేజీకి 2016 మే 2న శంకుస్థాపన జరిగింది. ప్రజాభిప్రాయ సభలు 2017 ఆగస్టులో, పర్యావరణ అనుమతి 2017 డిసెంబరులో. శంకుస్థాపనకూ అనుమతికీ మధ్య పనులు ఆగలేదు. 2017 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపమంది, నవంబరులో హైకోర్టు నుంచి ఊరట దొరికింది. తాగునీటి పనులకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు, మేం చేస్తున్నవి అవే అన్నది ప్రభుత్వ వాదన. 18 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు ప్రకటించిన ప్రాజెక్టుకు ఆ వాదన నప్పదని ట్రిబ్యునల్ 2020 అక్టోబరు 20న తేల్చింది. పనులు జరిగాక వచ్చిన అనుమతి చట్టం కోరిన ముందస్తు అనుమతి కాదంది. అప్పటికి ప్రాజెక్టు ప్రారంభమై ఏడాది దాటింది. ఇక మిగిలింది జరిగిన నష్టాన్ని లెక్కకట్టడానికి నిపుణుల కమిటీ వేయడమే. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టయింది.

పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో జీవో వచ్చింది. శ్రీశైలం నుంచి నీళ్లు ఎత్తి 12 లక్షలకు పైగా ఎకరాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. ఇక్కడా అదే తాగునీటి వాదన, అదే వరస. అనుమతి లేకుండా పనులు చేయొద్దని చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం 2021 అక్టోబరులో స్టే ఇచ్చింది. 2022 డిసెంబరులో పాలమూరు, డిండి ప్రాజెక్టులకు కలిపి సుమారు 920 కోట్ల పరిహారం విధించింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ పరిహారంపై స్టే ఇచ్చి, 7.15 టీఎంసీల తాగునీటి అవసరం మేరకు పనులకు ఒప్పుకుంది. తాగునీటి మాటకు దక్కిన చోటు అంతవరకే.

రాయలసీమ ఎత్తిపోతలకు ఆంధ్రప్రదేశ్ 2020 మేలో జీవో ఇచ్చింది. సంగమేశ్వరం దగ్గర నుంచి రోజుకు 3 టీఎంసీలు ఎత్తే పథకం. ఇది కొత్త ప్రాజెక్టు కాదు, మా వాటా నీళ్లు తీసుకోవడానికి చేసుకున్న ఏర్పాటు మాత్రమే, కొత్త ఆయకట్టు లేదు కనుక అనుమతి అక్కర్లేదు అన్నది ఇక్కడి వాదన. 2020 అక్టోబరు 29న ట్రిబ్యునల్ అనుమతి కావాల్సిందే అంది. 2021 డిసెంబరులో అది లేకుండా ముందుకు పోవద్దని మళ్లీ చెప్పింది.

ఈ మూడు కథల్లో ప్రభుత్వాలు రెండు, పార్టీలు రెండు, నదులూ రెండు, వాదన మాత్రం ఒకటే: మా పని అనుమతి పరిధిలోకి రాదు. ఇంకో విషయమూ ఒకటే. ఫిర్యాదు చేసిన పొరుగు రాష్ట్రం తన ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి అవతలివాడి వాదనే అందుకుంది. పాలమూరు రైతుకూ రాయలసీమ రైతుకూ నీళ్లు కావాలన్నది నిజం. ఆ అవసరం నిజం కనుకే అనుమతులు ముందే తెచ్చుకుని, ఏ కోర్టూ ఆపలేని విధంగా కట్టి ఉండాల్సింది.

తర్వాత వచ్చే అనుమతి చెల్లుతుందా అన్నది సుప్రీంకోర్టుకే తలనొప్పి తెచ్చింది. పని అయ్యాక ఇచ్చే అనుమతులు చెల్లవని 2025 మే 16న తీర్పు వచ్చింది. అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2–1 ఆధిక్యంతో దాన్ని వెనక్కి తీసుకుంది.

అసలు పని అనుమతి తర్వాతే

అనుమతి లేఖ వచ్చిందంటే మనకు వార్త అయిపోయినట్టు. నిజానికి ఆ లేఖలో ఒక వాక్యం అనుమతి, మిగతా పేజీలన్నీ షరతులు. వాటిలో ముఖ్యమైనది పర్యావరణ నిర్వహణ ప్రణాళికను అమలు చేయడం. దానికి విడిగా బడ్జెట్ ఉంటుంది.

అందులో మొదటిది పరీవాహక ప్రాంతాన్ని కాపాడటం. పైన కొండవాలుల మీద చెట్లు నాటి, చెక్‌డ్యాంలు కట్టి, మట్టి కొట్టుకురాకుండా చూడాలి. ఎందుకంత ముఖ్యమో తుంగభద్ర, శ్రీశైలం చెబుతాయి. తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి దిగింది. శ్రీశైలం మొదట్లో 308 టీఎంసీలు, ఇప్పుడు 215 చిల్లర. అంటే ఒక పెద్ద ప్రాజెక్టంత నిల్వ మట్టిలో కలిసిపోయింది. ఈ షరతును పర్యావరణవేత్తల గొడవగా చూసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, పోయినవి రైతు నీళ్లు.

రెండోది తవ్విన మట్టి, రాయి. సొరంగాలు, కాలువలు, స్పిల్‌వే తవ్వితే కోట్ల ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. దాన్ని ఎక్కడ పోయాలో, గట్టు ఎలా కట్టాలో, పైన గడ్డి ఎలా పెంచాలో ప్రణాళికలో ఉంటుంది. పోలవరంలో మూలలంక దగ్గర మట్టి పోయడం మీద గ్రామస్థుల ఫిర్యాదు ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

మూడోది ఆయకట్టు. కాలువ తవ్వి మురుగుకాలువ తవ్వకపోతే నీళ్లు నిలిచి నేల చౌడు బారుతుంది. మన పాత ఆయకట్టుల్లో కాలువ తలకట్టు దగ్గర జవుకు నేల, చివర ఎండిన నేల పక్కపక్కనే ఎలా ఉంటాయో రైతులకు తెలుసు. నాలుగోది దిగువ నది. ఆనకట్ట కింద నది పూర్తిగా ఎండిపోకుండా వదలాల్సిన కనీస ప్రవాహం, డెల్టాకు చేరాల్సిన ఒండ్రు, చేపల రాకపోకలు ఇందులోకి వస్తాయి. ఇవి కాక జలాశయం అంచున దోమలు, మలేరియా నివారణ, కూలీల శిబిరాల్లో వంటచెరకు బదులు గ్యాస్, ఆనకట్ట తెగితే దిగువ ఊళ్లను ఎలా ఖాళీ చేయించాలన్న ప్రణాళిక కూడా ఉంటాయి.

ఈ షరతుల అమలు నివేదికను ప్రాజెక్టు అధికారులు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న మంత్రిత్వశాఖకు ఇవ్వాలి. నివేదిక రాసేదీ వాళ్లే, మార్కులు వేసుకునేదీ వాళ్లే. మంత్రిత్వశాఖ ప్రాంతీయ కార్యాలయాల్లో తనిఖీకి ఉన్న మనుషులు తక్కువ, చూడాల్సిన గనులు, ఫ్యాక్టరీలు, ప్రాజెక్టులు లెక్కకు మించి. తప్పు చేసినా శిక్ష ఎంత? 1986 చట్టంలో అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన విశ్వాస్ సవరణతో అది పోయి, 2024 ఏప్రిల్ నుంచి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా మిగిలింది. వేల కోట్ల ప్రాజెక్టు ముందు 15 లక్షలు ఏ పాటి?

మనం చేయగలిగింది

ప్రభుత్వాలు మార్చాల్సినవి రెండే. ఒకటి, టెండరు పిలవకముందే పర్యావరణ అనుమతి చేతిలో ఉండాలి. అనుమతి లేని ప్రాజెక్టుకు బ్యాంకులూ కేంద్ర ఆర్థిక సంస్థలూ అప్పు విడుదల చేయకూడదు. ట్రిబ్యునల్ స్టే కన్నా ఈ కట్టడి బలంగా పనిచేస్తుంది. రెండు, ప్రభావ నివేదిక రాసే కన్సల్టెంటును ప్రాజెక్టు వాళ్లు కాక స్వతంత్ర సంస్థ ఎంపిక చేసి, ఆ సంస్థే డబ్బు చెల్లించాలి. ఇవి రెండూ జరిగితే మిగతా చిక్కుల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

అంతవరకూ పౌరుడి చేతిలో ఉన్న సాధనాలను వాడాలి. మీ జిల్లాలో ప్రాజెక్టు వస్తుంటే మంత్రిత్వశాఖ పరివేష్ పోర్టల్‌లో దాని దరఖాస్తు, కమిటీ సమావేశాల వివరాలు, అనుమతి లేఖ చూడవచ్చు. కనిపించకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ప్రజాభిప్రాయ సభకు వెళ్లే ముందు ముసాయిదా నివేదికలో మీ ఊరి పేజీ చదవండి. చెరువు, బావి, పోడుభూమి, శ్మశానం, గుడి, మేతబీడు లెక్కలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అనుమతి వచ్చాక అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోగా హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. చాలా కేసులు న్యాయం లేక కాదు, తేదీ దాటి ఓడిపోయాయి.

అనుమతి వచ్చిన ప్రాజెక్టు అయితే ఆరు నెలలకోసారి ఇచ్చే అమలు నివేదికను తెప్పించుకుని, షరతుల పక్కన పెట్టి చూడండి. నాటామన్న మొక్కలు ఎక్కడున్నాయి, ఇచ్చామన్న ఇళ్లు ఎవరికిచ్చారు, పోసిన మట్టి ఎక్కడ పోశారు అన్నవి ఢిల్లీలో కూర్చున్న నిపుణుడి కన్నా ఆ ఊరి మనిషికే బాగా తెలుస్తాయి. చట్టం ఆ ఊరి మనిషిని అడగమంది. అడగకపోయినా చెప్పే హక్కు అతనికి ఉంది. దాన్ని గడువులోగా, రాతపూర్వకంగా వాడుకోవాలి.